పదకొండో గడిలో రాసిన మాట

తాళాల షాపు,
జూన్ 6

బావమరిదికి,

మీ అక్కా నేనూ క్షేమం. నువ్వూ క్షేమమనే అనుకుంటున్నాను. అనుకోవడమే, నీ దగ్గర్నుంచి కబురు వచ్చి నాలుగు నెలలైంది మరి. ఫోన్ చేస్తే మీటింగ్‌లో ఉన్నాను బావగారూ అంటావు. ఉత్తరంతో ఆ ఇబ్బంది లేదు. నువ్వు మీటింగ్ ముగించుకుని వచ్చేదాకా టేబుల్ మీద ఓపిగ్గా పడుంటుంది.

సంగతేమిటంటే, నీ మాట నమ్మి నేను కొన్న మీ కంపెనీ కరెంటు కారు ఉపవాసం మొదలుపెట్టింది. మే నెల మూడో వారంలో ఒక మంగళవారం దానంతటదే ఏదో కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించుకుంది. నేను అడగలేదు. నన్ను అడగలేదు. ఆ రోజు నుంచి ఇంట్లో చార్జింగ్ పెడితే నలభై రెండు శాతం దగ్గర ఆగి, 'చార్జింగ్ పూర్తయింది' అని చెప్పి, పచ్చరంగులో నవ్వుతున్న బొమ్మ ఒకటి చూపిస్తుంది. బయట చార్జింగ్ స్టేషన్లలో అయితే ఆ నలభై రెండు కూడా లేదు, అసలు పుచ్చుకోదు. లేఖనాల్లో ఒక గాడిద నోరు తెరిచి తన బాధేమిటో యజమానికి చెప్పుకుంది. ఈ కారుకి ఆపాటి మర్యాద కూడా లేదు.

మీ అక్క ఫిజియోథెరపీ ఆసుపత్రి ఇక్కడికి యాభై ఎనిమిది కిలోమీటర్లు. సోమవారం, గురువారం. రానూ పోనూ లెక్క వేసుకో. నలభై రెండు శాతంతో తొంభై కిలోమీటర్లు వస్తుంది, ఆపైన తోసుకోవాలి. తోశాను కూడా. బస్సులో అంటే రెండు మారాలి, మధ్యలో ఫుట్‌బ్రిడ్జి మెట్లు ఎక్కాలి. పక్షవాతం వచ్చి లేచిన మనిషిని ఆ మెట్లు ఎక్కించడం నా వల్ల కాలేదు. వారానికి ఒక్కసారి ఎవరినో బతిమాలి తీసుకెళ్తున్నాను, రెండోసారి ఎగిరిపోతోంది. చెయ్యి తిరిగి వస్తే ఏడాది లోపలే వస్తుంది, ఆ తరవాత కష్టం అని డాక్టరమ్మ చెప్పింది. ఏడు నెలలు అయిపోయాయి.

సర్వీసు సెంటర్‌కి వెళ్తే టై కట్టుకున్న కుర్రాయన కంప్యూటర్ చూసి, "సాఫ్ట్‌వేర్ మళ్ళీ ఎక్కించాలి సార్, కానీ వారంటీ రాదు" అన్నాడు. ఎందుకు రాదయ్యా అంటే, "వారంటీ విడిభాగాలకి సార్. సాఫ్ట్‌వేర్ విడిభాగం కాదు. కంటికి కనపడదు కదా" అన్నాడు.

బావమరిదీ, కంటికి కనపడని దాని గురించి ఇరవై రెండేళ్ళుగా మార్కెట్ మూల మీద నిలబడి అరుస్తున్నవాణ్ణి నేను. ఆ మాట నాతోనా అనేది?

నువ్వు అక్కడ విడిభాగాల విభాగంలో ఉన్నావు కాబట్టి రాస్తున్నాను. ఏదైనా చెయ్యి. చేయలేకపోతే కనీసం సిగ్గుపడు.

మీ బావ


ఆఫీసు, మూడో అంతస్తు,
జూన్ 14

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. మీరు చెప్పినట్టే ముందు సిగ్గుపడ్డాను, తరవాత ఆలోచించాను.

వారంటీ వాళ్ళు మా పక్క గదిలోనే కూర్చుంటారు. మంచివాళ్ళే. ఒకసారి ఒకాయన కారు తలుపు ఊడి చేతికి వస్తే, తలుపు వారంటీలో ఉంది గానీ ఊడటం వారంటీలో లేదని రాశారు. అంత లోతైన ఆలోచన వాళ్ళది. కాబట్టి కేకలేసి లాభం లేదు, కాగితంతోనే వెళ్ళాలి.

మీ వారంటీ పుస్తకంలో ముప్పై ఒకటో పేజీ తీయండి. బ్యాటరీ, దాన్ని నడిపించే వ్యవస్థ ఎనిమిదేళ్ళు అని ఉంటుంది. 'నడిపించే వ్యవస్థ' అన్నారు గానీ అది కంటికి కనపడాలని ఎక్కడా అనలేదు. అదే రాసి హెడ్ ఆఫీసుకి అప్పీలు పెట్టండి. లేఖనాలు తక్కువ, పేజీ నంబర్లు ఎక్కువ ఉండేట్టు చూసుకోండి. ఇక్కడ వాళ్ళకి నరకం అంటే భయం లేదు గానీ పేజీ నంబర్ అంటే ఉంది.

అక్కని అడిగానని చెప్పండి. తన చేతిరాత చూసి ఎనిమిది నెలలవుతోంది. నా చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించిన చెయ్యి అది.

మీ
బావమరిది


తాళాల షాపు,
జూన్ 29

బావమరిదికి,

గోడ కూలింది. లేఖనాల్లోలా ఏడుసార్లు చుట్టూ తిరగలేదు, బూర ఊదలేదు, ముప్పై ఒకటో పేజీ అన్నాను, కూలింది. సాఫ్ట్‌వేర్ కూడా వారంటీలోకే వస్తుందని, 'అవగాహనా లోపం వల్ల కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము' అని రాశారు. చింత వాళ్ళది, అసౌకర్యం మనది.

అయితే ఊరికే చేయరట. ఒక ఫారం పంపారు. ఇరవై మూడు ప్రశ్నలు. కారు ఎండలో పెట్టారా, వానలో పెట్టారా, కారుతో దురుసుగా ప్రవర్తించారా. నేను పెళ్ళి చేసుకునేటప్పుడు మీ నాన్నగారు కూడా ఇన్ని అడగలేదు. షాపు మూసి, కళ్ళజోడు తుడుచుకుని కూర్చుని, అన్నిటికీ ఎదురుగా ఉన్న గడుల్లో చక్కగా రాసి, సంతకం పెట్టి పంపాను. మీ అక్క పక్కనే మంచం మీద కూర్చుని చూస్తూ ఉంది.  ఈమధ్య తను ఎక్కువ మాట్లాడటం లేదు, మాటలన్నీ ఎక్కడో దాచిపెడుతున్నట్టుంది.

శనివారం ప్రార్థన కూటంలో ఈ సంగతే చెప్పాను. చిన్నవాడు పెద్దవాడి మీద గెలవాలంటే రాయి కావాలి, లేదా సరైన పేజీ కావాలి అన్నాను. ఇస్త్రీ బండి ఆవిడ చప్పట్లు కొట్టింది. రెండు నెలల క్రితం ఎవరిదో చొక్కా కాల్చి దాచిందని నేను అందరి ముందూ లేపి ఒప్పించిన ఆవిడే. చూశావా, నిజం ఒప్పుకున్నాక మొహంలో వెలుగు ఎలా వస్తుందో.

వారంలో కారు బాగవుతుంది. నీ మేలు మరిచిపోను.

మీ బావ


తాళాల షాపు,
జూలై 20

బావమరిదికి,

వెనక్కి తీసుకుంటున్నాను. మేలు గురించి రాసిన మాట.

మీ మహాసంస్థ నుంచి వచ్చిన లెటర్ ఉన్నదున్నట్టు దింపుతున్నాను, చదువుకో:

'మీ అభ్యర్థన పరిశీలించబడినది. ఫారంలో పదకొండవ ప్రశ్నకు (వాహనంలోని సాకెట్ నుండి ఫోను, ల్యాప్‌టాప్ కాక ఇతర పరికరములకు విద్యుత్తు వాడినారా) మీరు 'లేదు' అని జవాబిచ్చియున్నారు. అయితే వాహనం పంపిన సమాచార సంగ్రహము ప్రకారము గత రెండు సంవత్సరములలో తొంభై నాలుగు పర్యాయములు, నిలిచియున్న వాహనము నుండి సాయంత్రం ఆరు నుండి ఎనిమిది వరకు అధిక విద్యుత్తు వాడబడినది. కావున వారంటీ వర్తించదు. ఫైలు మూసివేయడమైనది. ఈ నిర్ణయము అంతిమము.'

కింద 'వారంటీ పరిశీలకుడు' అని అచ్చు. దాని మీద సంతకం ఉండాల్సిన చోట ఒక గీత. వానపాము ఒళ్ళు విరుచుకుని చివర కొక్కెం తగిలించుకున్నట్టు. పేరు లేదు. కడుపు కొట్టేవాడికి పేరు ఎందుకు? కాటు వేసే పాముకి పేరుందా?

ఆ గీత గీసినవాడు ఎవడో కనుక్కుని నాకు చెప్పు. తిట్టను. ప్రార్థన మాత్రం చేస్తాను, ఎలాంటి ప్రార్థన అన్నది నాకూ దేవుడికీ మధ్య సంగతి.

అసలు నా కారు నా మీద వాళ్ళకి కబుర్లు మోస్తోందా? నేను తోసి ఇంటికి తెచ్చిన కారు? రొట్టె పంచుకుని తిని వెళ్ళి పట్టించినవాడి గురించి ఎన్నిసార్లు ప్రసంగించానో, వాడికి నాలుగు చక్రాలుంటాయని తెలియలేదు.

లెటర్ మీ అక్కకి చూపించాను. చాలాసేపు చూసింది. చదవడం ఎప్పుడో అయిపోయినా చూస్తూనే ఉంది. ఏమంటావు అంటే, "ఈ కాగితం నా దిండు కింద పెట్టండి" అంది. అంతే.

ఈ వారం రెండుసార్లూ ఆసుపత్రికి వెళ్ళలేదు.

మీ బావ


ఆఫీసు, మూడో అంతస్తు,
జూలై 27

బావగారికి నమస్కారాలు.

లెటర్ గురించి విన్నాను. ఇక్కడ రోజుకి నలభై ఫైళ్ళు మూస్తారు. ఏ గీత ఎవరిదో చెప్పడం కష్టం, అందరివీ వానపాములే.

ఒక సందేహం. కోపం తెచ్చుకోకుండా వినండి. ఆ తొంభై నాలుగు సాయంత్రాల తేదీలు సంగ్రహంలో ఉన్నాయట, పక్క గదిలో ఒకరు చెప్పారు. అన్నీ శనివారాలే. శనివారం ఆరు నుంచి ఎనిమిది వరకు మార్కెట్ మూల మీద మీ కూటం జరుగుతుంది. మీ గొంతు రెండు వీధుల అవతలికి వినపడుతుంది. పాత జనరేటర్ పాడైందని మీరు రెండేళ్ళ క్రితం రాశారు. తరవాత మైకూ, స్పీకర్లూ దేనితో నడిచాయి? మీ కారు ఆ శనివారాల్లో ఎవరికి ప్రసంగం చేసింది?

నాకు జవాబు అక్కర్లేదు. నేను వారంటీ వాణ్ణి కాను.

ఊరికే ఒక విషయం చెబుతున్నాను, కాలక్షేపానికి. మా కంపెనీ నిబంధనల్లో ఒక చిత్రమైనది ఉంది. మూసిన ఫైలుని కంపెనీ తెరవదు. కోర్టు చెబితే తెరుస్తుంది, దానికి మూడేళ్ళు. ఇంకొకటే దారి. కస్టమర్ తను రాసిన జవాబుల్లో ఏది అబద్ధమో తనే రాసి, సంతకం చేసి పంపితే, ఫైలు మళ్ళీ తెరవాలి. తెరిచాక సంగ్రహం సరిపోదు, కారులోంచి పూర్తి సమాచారం దించి, నిమిషం నిమిషం చూడాలి. దాన్ని సవరణ వాంగ్మూలం అంటారు. ఎవరూ వాడరన్న ధైర్యంతో పెట్టిన నిబంధన. పదకొండేళ్ళలో ఒక్కరూ వాడలేదు. దొరికిపోయాక కూడా తప్పు రాసి ఇచ్చేంత పిచ్చివాళ్ళు కస్టమర్లలో ఉండరు కదా.

మీరైతే ప్రతి శనివారం జనం చేత చేయించే పని అది. ఉచితంగా.

మీ
బావమరిది


తాళాల షాపు,
ఆగస్టు 3

బావమరిదికి,

ఉపదేశం అందింది. నీ దగ్గర ఉపదేశం వినే రోజు వస్తుందని ఏ ప్రవక్తా ముందుగా చెప్పలేదు, అందుకే కొంచెం తడబడ్డాను.

సాకెట్ ఎందుకు పెట్టారు? వాడుకోవడానికి. నేను దానితో ఏమైనా సారా కాచానా? దేవుడి మాట వినిపించాను. మైకు పరికరం కాదు, గొంతు. గొంతుకి కొనసాగింపు. ప్రశ్నలో 'ఇతర పరికరములు' అన్నారు గానీ గొంతు అనలేదు. కాబట్టి నా జవాబు నిజమే.

ఈ వాదన మీ అక్క ముందు పెట్టాను. తను ఎడమ చేత్తో దుప్పటి మొహం మీదికి లాక్కుంది. నిద్ర వచ్చిందేమో. సాయంత్రం అయిదు గంటలకి.

నువ్వు నాకు ఉత్తరాలు రాయనక్కర్లేదు.

మీ బావ


ఆఫీసు,
ఆగస్టు 10

బావగారికి,

రాయడం లేదు. సవరణ వాంగ్మూలం ఫారం ఒకటి జత చేశాను. ఖాళీది. నంబరు వేసుంది. పదకొండేళ్ళుగా బీరువాలో ఉండి అంచులు పసుపు పచ్చబడ్డాయి, ఏమీ అనుకోకండి.

బావమరిది


తాళాల షాపు,
ఆగస్టు 25

బావమరిదికి,

ఆ ఫారం పది రోజులు నా షాపు డెస్కు మీద పడుంది. తాళాలు తెచ్చేవాళ్ళు తెచ్చారు, తాళం చెవులు చేయించుకునేవాళ్ళు చేయించుకున్నారు, నేను ఆ కాగితం మీద టీ గ్లాసు పెట్టాను, తీశాను. చెవి పోయిన తాళం తెరవడం నాకు రెండు నిమిషాల పని. ఇది తెరుచుకోలేదు.

పదకొండో రోజు ఒకావిడ వచ్చింది. బీరువా తాళం చెవి పోయిందట. తెరిచి ఇచ్చాను. "తాళం ఎలా పోయిందమ్మా" అన్నాను ఊరికే. "పోలేదు సార్. మా అత్తగారు తీసుకోకుండా నేనే దాచాను, ఎక్కడ దాచానో మరిచిపోయాను. మీరు ఎవరికీ చెప్పరని చెబుతున్నా" అంది. ఆ మాట చెప్పడానికి ఆవిడకి అరనిమిషం పట్టింది. ఇరవై రెండేళ్ళ బోధకుడికి పదకొండు రోజులు.

ఆవిడ వెళ్ళగానే ఫారం తీసి రాశాను. చిత్తు లేదు, కొట్టివేత లేదు: 'పదకొండో గడిలో నేను లేదు అని రాశాను. అది అబద్ధం. తొంభై నాలుగు శనివారాలు మైకూ స్పీకర్లూ కారు సాకెట్‌తోనే నడిపాను. ఫోన్‌కి, ల్యాప్‌టాప్‌కి మాత్రమే అని ఆ సాకెట్ మూత మీదే రాసుంది. నేను చదివాను. చదివే పెట్టాను.'

అబద్ధం ఎందుకు రాశాను అన్న గడి కూడా ఉంది. మీ కంపెనీలో ఎవడో భక్తుడు ఉన్నాడు. అందులో ఇలా రాశాను: 'అవును అని రాస్తే కారు బాగవదని, కారు బాగవకపోతే నా భార్య చెయ్యి రాదని భయపడి.' ఇది నిజమే. మొత్తం నిజం కాదు. మిగతాది ఆ గడిలో పట్టలేదు, నీకు రాస్తాను. ఫారం నింపేటప్పుడు ఎవరూ చూడరనుకున్నాను. మనిషికి కనపడకపోయినా పైవాడు చూస్తాడని లోకానికి చెప్పేవాణ్ణి. నేను గుమాస్తా చూడడన్న ధైర్యంతో రాశాను, పైవాడి సంగతి ఆ సాయంత్రం గుర్తే రాలేదు.

పోస్టు చేసే ముందు శనివారం వచ్చింది. కారు ఉపవాసం మొదలయ్యాక అద్దె బ్యాటరీతో నడుపుతున్న మైకు కూడా లేకుండా వెళ్ళాను. మామూలుగా అరవైమంది నిలబడే చోట పదకొండుమంది నిలబడ్డారు. మైకు లేని నా గొంతు విలువ అది. ఫారం తీసి చదవడం మొదలుపెట్టాను.

ఇస్త్రీ బండి ఆవిడ ముందు వరసలోనే ఉంది. నాకూ ఆవిడకీ మధ్య మూడడుగులు. "కొంచెం గట్టిగా చదవండి గురువుగారూ, వినపడట్లేదు" అంది.

మళ్ళీ చదివాను. గట్టిగా.

"ఏదీ, ఆ రెండో లైను ఇంకోసారి" అంది.

చదివాను. చొక్కా అప్పు అలా తీర్చుకుంది. తీర్చుకోనీ.

చదవడం అయ్యాక చెప్పుల షాపాయన గోడకి ఆనుకుని అడిగాడు. "ఇదంతా దేవుడి కోసం ఒప్పుకుంటున్నావా, కారు కోసమా?"

 జేబులో లేఖనాలున్నాయి, చెయ్యి వెళ్ళింది కూడా. తీయలేదు. "తెలీదయ్యా. మా ఆవిడ చెయ్యి కోసం" అన్నాను. ఆయన తల గోక్కుని, "సోమవారం నా వ్యాను ఖాళీయే, ఆసుపత్రికి నేను తీసుకెళ్తాలే" అన్నాడు. ఈ మనిషి రెండేళ్ళుగా నా మైకు మోతకి పోలీసులకి ఫిర్యాదులు పెడుతున్నవాడు.

ఫారం ఈరోజు రిజిస్టరు పోస్టులో పంపాను. ఫైలు తెరుచుకుంటుందో లేదో, తెరిచి ఇంకా గట్టిగా మూస్తారో. ఏదైనా సరే.

నువ్వు ఉత్తరాలు రాయవచ్చు.

మీ బావ


ఆఫీసు, కింది అంతస్తు,
సెప్టెంబరు 18

బావగారికి నమస్కారాలు.

ఫైలు తెరుచుకుంది. మీ ఫారం వచ్చిన రోజు ఇక్కడ ఒక చిన్న గుంపు చేరింది. దాని మీద ఏ ముద్ర వేయాలో ఎవరికీ తెలియలేదు. ఆ ముద్ర అసలు తయారే చేయించలేదట. చివరికి 'అందినది' అని వేశారు.

మీ సర్వీసు సెంటర్ కుర్రాయన కారులోంచి పూర్తి సమాచారం దించి పంపాడు. అందులో ఉన్నది ఇది. మే నెల ఆ మంగళవారం మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకి కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కింది. అంతకు ముందు ఆదివారం, అంటే మీ కారు చేసిన ఆఖరి ప్రసంగం మర్నాడు, కారు వందకి వంద శాతం చార్జింగ్ తీసుకుంది. తొంభై నాలుగు శనివారాల తరవాత తొంభై నాలుగు ఆదివారాలూ అంతే. మూడు గంటల పది నిమిషాల తరవాత ఒక్కసారి కూడా నలభై రెండు దాటలేదు. మీ మైకు తప్పు చేసింది గానీ ఈ తప్పు చేయలేదు. సంగ్రహంలో శనివారాలు మాత్రమే రాసి పంపుతారు, ఆదివారాలు రాయరు. ఎందుకంటే ఆదివారాలు అడగాలంటే ఫైలు తెరిచి ఉండాలి.

కాబట్టి సాఫ్ట్‌వేర్ కంపెనీ ఖర్చుతోనే మళ్ళీ ఎక్కిస్తారు. ఈ లెటర్ మీకు అందేలోపే సర్వీసు సెంటర్ నుంచి ఫోన్ వస్తుంది. సాకెట్‌కి స్పీకర్లు పెట్టవద్దని ఒక హెచ్చరిక కూడా వస్తుంది, ఫ్రేము కట్టించుకోండి.

నేను కూడా ఒకటి సవరించుకోవాలి. వారంటీ వాళ్ళు మా పక్క గదిలో ఉంటారని రాశాను. పక్క గది కాదు. మార్చి నుంచి నా సీటు ఆ గదిలోనే. కొత్తగా ఇచ్చిన సీటు, ఇంటివాళ్ళకి చెబితే ఇలాంటి పనులు వస్తాయని చెప్పలేదు. మీ ఫారం చదివాక, ఫైలు మీద 'కస్టమర్ నాకు బంధువు' అని రాసి పక్క సీటు ఆవిడకి ఇచ్చేశాను. అలా రాయడం తనూ మొదటిసారి చూస్తున్నానంది. మా పై అధికారి పిలిచి, నిజాయితీకి మెచ్చుకుని, మళ్ళీ విడిభాగాలకి పంపించాడు. ప్రస్తుతం అద్దాలు తుడిచే బ్లేడ్ల మధ్య కూర్చుని రాస్తున్నాను. ఇక్కడ ప్రతిదీ కంటికి కనపడుతుంది, హాయిగా ఉంది.

ఇంతకు మించి చెప్పాల్సింది ఏమీ లేదు.

అక్క ఎలా ఉంది?

మీ
బావమరిది


ఇంటి నుంచి,
అక్టోబరు 21

చిన్నోడా,

ఇది నేనే రాస్తున్నాను. కుడి చేత్తో. రోజుకి నాలుగు లైన్లు. ఈ పేజీకి వారం పట్టేట్టుంది, కాబట్టి అడ్డదిడ్డంగా ఉందని నవ్వకు.

కారు బాగైంది. నెల రోజులుగా సోమవారం, గురువారం తప్పకుండా వెళ్తున్నాం. నిన్న డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని నొక్కమంటే నొక్కాను. అబ్బా అంది. మొహమాటానికి అందేమో అని ఇంకోసారి నొక్కాను. ఈసారి నిజంగా అంది.

మీ బావ శనివారాలు మైకు లేకుండానే చెబుతున్నారు. చాలా బాగుంటోంది. ఇంట్లోకి వినపడటం లేదు.

ఇప్పుడు అసలు సంగతి. మీ బావ ఆ ఫారం నింపుతుంటే నేను పక్కనే ఉన్నాను. పదకొండో గడిలో ఏం రాశారో చూశాను. మాట రాక కాదు, ఎన్నాళ్ళకి తనే చెబుతారా అని ఊరుకున్నాను. తరవాత మీ కంపెనీ లెటర్ వచ్చింది. కింద గీత చూశాను. చివర్న పైకి లాగి కొక్కెం తిప్పడం. అయిదేళ్ళప్పుడు పలక మీద ఎన్నిసార్లు చెరిపించానురా ఆ కొక్కెం. మానలేదు.

ఆ ఫైలు ఎవరిదో నీకు తెలుసు. శనివారాలు చూడగానే తెలిసి ఉంటుంది. మా బావది, నేను చూడను అని ఆ రోజే పక్కకి ఇవ్వాల్సింది. కొత్త కుర్చీ కదా, ఇవ్వలేకపోయావు. తరవాత ఆ ఖాళీ ఫారం పంపావు, అది కూడా చూశాను. అందుకే మీ బావకి ఇప్పటికీ చెప్పలేదు. ఆ గీత గీసినవాడి కోసం ఆయన ఇంకా రోజూ ప్రార్థన చేస్తున్నారు. మొదట్లో అది విని నాకే భయమేసేది. ఈమధ్య కొంచెం మెత్తబడింది.

మీ ఇద్దరిలో ఎవరు ముందు ఒప్పుకుంటారా అని చూశాను. ఆయన గెలిచారు. నువ్వు ఇంతకు మించి చెప్పాల్సింది లేదన్నావు.

ఒకసారి వచ్చి వెళ్ళు. ఆయనకి నువ్వే చెప్పు. తిడతారు, తరవాత అన్నం పెట్టమంటారు.

వచ్చేటప్పుడు పెన్ను తెచ్చుకో. నాలుగు గీతల కాపీ పుస్తకం ఒకటి తెప్పించాను. ఒక పేజీ నేను రాస్తాను, ఒక పేజీ నువ్వు. కొక్కేలు లేకుండా. పూర్తి పేరు.

అక్క